మూడో చెయ్యి: క్లారెన్స్ వైట్ ఊళ్ల వెంట అయిదు రోజులు

మొదటి రోజు, బర్బాంక్

అమెరికా వచ్చి వారం అయింది. "మావయ్యా, డిస్నీలాండ్‌కి టికెట్లు తీసేయమంటావా, యూనివర్సల్‌కా?" అని మా మేనల్లుడు రోజూ అడుగుతున్నాడు. ఇక దాచి లాభం లేదని ఇంటి దగ్గర రాసి తెచ్చుకున్న కాగితం వాడి చేతిలో పెట్టాను. బర్బాంక్, మెల్‌రోజ్ అవెన్యూ, ఎల్ మోంటే, బేకర్స్‌ఫీల్డ్, పామ్‌డేల్. వాడు కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "పామ్‌డేల్లో ఏముంది మావయ్యా? ఇల్లు చవగ్గా వస్తుందని కొనుక్కున్నవాళ్లు తప్ప అక్కడికి ఎవరూ వెళ్లరే!"

అక్కడ ఒక గిటారిస్టు పోయాడు, అని చెప్పాను. వాడు ఇంకేం అడగలేదు. నేను ముప్పై ఏళ్లు సినిమా పాటలకు గిటారు వాయించినవాణ్ణి. నా పిచ్చి మా ఇంట్లో అందరికీ అలవాటే.

క్లారెన్స్ వైట్ పేరు నేను మొదట విన్నది కోడంబాకంలో. బేస్ గిటార్ వాయించే ఒక పెద్దాయన, టిఫిన్ వేళ టేప్‌రికార్డర్లో ఒక క్యాసెట్ పెట్టి, "ఈ కుర్రాడు సమం ఎక్కడ వేస్తాడో చెప్పు చూద్దాం" అన్నాడు. సమం అంటే తాళంలో మొదటి దెబ్బ. చెప్పలేకపోయాను. బ్యాంజో, ఫిడేలు, మాండలిన్ పరిగెడుతున్నాయి. గిటారు మాత్రం అడుగు తర్వాత అర క్షణం ఆగి అందుకుంటోంది, ఒక్కోసారి అడుగు పడకముందే లేస్తోంది. మన వాళ్లయితే అతీతం, అనాగతం అని పేర్లు పెట్టి ఎడుపు, అంటే తాళంలో పాట అందుకునే చోటు, దాని లెక్కలు చెబుతారు. ఈ కుర్రాడు లెక్క చెప్పడు. వీధి చివర కనిపించకుండా పోయి సరిగ్గా ఇంటి గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యే పిల్లాడిలా వచ్చి మళ్లీ తాళంలో కలుస్తాడు.

బర్బాంక్ పేరుకి సినిమా స్టూడియోల ఊరే. లోపల మాత్రం అంతస్తు లేని చిన్న ఇళ్లు, ముందు కాస్త గడ్డి, నిమ్మచెట్టు. 1954లో ఆ కుటుంబం మెయిన్ రాష్ట్రం నుంచి, అంటే దేశం ఈశాన్య కొస నుంచి, ఈ నైరుతి మూలకి వచ్చి పడింది. అప్పటికి క్లారెన్స్‌కి పదేళ్లు. పుట్టింది 1944 జూన్ 7న లూయిస్టన్‌లో. ఇంటి పేరు అసలు లెబ్లాంక్. కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచివాళ్లు. ఆ మాటకి అర్థం తెలుపనే కాబట్టి వైట్ అని మార్చుకున్నారు. తండ్రి గిటారు, బ్యాంజో, ఫిడేలు, మౌతార్గాన్ అన్నీ వాయించేవాడు. పిల్లవాడి చేతికి గిటారు అందలేదు. వేళ్లు పెరిగేదాకా కొన్నాళ్లు యుకులేలే ఇచ్చి కూర్చోబెట్టారు. అన్న రోలండ్‌కి మాండలిన్, ఇంకో అన్న ఎరిక్‌కి బేస్. పాసడీనా రేడియో స్టేషన్ పోటీలో ముగ్గురు పిల్లలూ గెలిచారు. 1961కల్లా టీవీలో యాండీ గ్రిఫిత్ ధారావాహికలో కనిపించారు.

బ్లూగ్రాస్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. కెంటకీకి చెందిన బిల్ మన్రో 1940లలో ఆ బాణీకి రూపం ఇచ్చాడు. ఆయన బృందం పేరు బ్లూ గ్రాస్ బాయ్స్, దాని పేరే సంగీతానికీ స్థిరపడింది. డ్రమ్ములుండవు. మాండలిన్ చప్పుడే తాళం. అందులో గిటారు పని బండి లాగే ఎద్దు పని: బేస్ నోటు, స్ట్రోకు, బేస్ నోటు, స్ట్రోకు. మధ్యలో ఒక చిన్న బిట్టు వేసి పాట మలుపు తిప్పితే అదే గొప్ప. సోలోలన్నీ ఫిడేలుకీ, బ్యాంజోకీ, మాండలిన్‌కీ. ఆ ఎద్దుని కాడి విప్పి ముందుకు తెచ్చినవాళ్లలో ఈ బర్బాంక్ పిల్లాడు ముఖ్యుడు.

వాళ్లు ఏ వీధిలో ఉండేవాళ్లో వెతకలేదు. ఇప్పుడున్నవాళ్ల గుమ్మం ముందు నిలబడి ఫోటో తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు. మాగ్నోలియా బులవార్డ్ మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాం. పాత బట్టల షాపులు, ఒక డోనట్ల కొట్టు. "అయిపోయిందా మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. అయిపోయింది.

రెండో రోజు, హాలీవుడ్

మెల్‌రోజ్ అవెన్యూ 8162 నంబరు. ఇప్పుడది హాస్యగాళ్ల క్లబ్బు, ది ఇంప్రోవ్. 1958 నుంచి 1973 దాకా అక్కడే యాష్ గ్రోవ్ ఉండేది. ఎడ్ పర్ల్ నడిపిన ఆ చిన్న హాల్లో పల్లె సంగీతకారులు, బ్లూస్ పాడే నల్లవాళ్లు, బ్లూగ్రాస్ కుర్రాళ్లు ఒకే బల్ల ఎక్కేవారు. మళ్లీ మళ్లీ నిప్పంటుకుని చివరికి మూతపడింది.

1962లో ఇక్కడే క్లారెన్స్, డాక్ వాట్సన్‌ని విన్నాడు. నార్త్ కరొలైనా కొండల్లో డీప్ గ్యాప్ అనే ఊరివాడు డాక్, చూపు లేదు. ఫిడేలు మీద వాయించే వరసల్ని గిటారు మీద పిక్కుతో అదే వేగంతో వాయించేవాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి దారి కనబడింది. ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. అన్న రోలండ్‌ని సైన్యంలోకి తీసుకున్నారు, జర్మనీ పంపారు. మాండలిన్ వాయించేవాడు లేక పాటలో ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల్లోకి గిటారు వచ్చి కూర్చుంది. నాకు దీన్లో ఆశ్చర్యం లేదు. రికార్డింగుకి ఫ్లూట్ ఆయన రాని రోజే మా గిటారు వాళ్లకి మంచి బిట్టు దొరికేది.

బృందం పేరు కెంటకీ కర్నల్స్. వైట్ సోదరులకీ కెంటకీకీ చుట్టరికం లేదు, సంగీతం అక్కడిది కాబట్టి పేరు. 1964లో పాటల్లేకుండా ఉత్త వాద్యాలతో ఒక ఎల్‌పీ తెచ్చారు, అపలాచియన్ స్వింగ్. ఆ ఏడే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించారు. మరుసటి ఏడు బృందం విడిపోయింది. రాక్ వచ్చి జనాన్ని ఎత్తుకుపోయింది. బ్లూగ్రాస్ వింటూ టికెట్ కొనేవాళ్లు తగ్గారు. క్లారెన్స్‌కి ఇరవై ఒక్కటి.

అక్కడి నుంచి సన్‌సెట్ బులవార్డ్‌కి వెళ్లాం. ఆరు వేల నంబర్ల దగ్గర కొలంబియా స్క్వేర్ ఉంది. ఆ తెల్లటి కట్టడంలో కొలంబియా రికార్డుల స్టూడియో ఉండేది. బర్డ్స్ అనే రాక్ బృందం రికార్డు చేసుకున్నది ఇక్కడే. గాజు తలుపుల వెనక సెక్యూరిటీ మనిషి నన్నే చూస్తున్నాడు. నేను పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నాను, అంతే.

అకూస్టిక్ గిటారు పెట్టెలో పెట్టి టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు పట్టిన క్లారెన్స్, సెషన్ పని వెతుక్కుంటూ వచ్చింది ఈ వీధుల్లోకే. జేమ్స్ బర్టన్ అనే పెద్ద గిటారిస్టు దారి చూపించాడు. రికీ నెల్సన్ ఆల్బములకి వాయించాడు. బర్డ్స్‌ వాళ్లు 1967లో తెచ్చిన ఆల్బములో రెండు పాటల్లో గిటారు అతనిదే. ఆ తర్వాత మంకీస్, జో కాకర్, రాండీ న్యూమన్, ఆర్లో గత్రీ, జాక్సన్ బ్రౌన్. ఈ పేర్లన్నీ అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అతని పేరు వెనక ఎక్కడో, ఉంటే ఉంటుంది.

మేనల్లుడికి సెషన్ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. కాఫీ కొట్టులో కూర్చుని చెప్పాను. ఇక్కడ సంగీతకారుల యూనియన్ లెక్క ప్రకారం ఒక సెషన్ మూడు గంటలు. లాస్ ఏంజెలెస్ శాఖకి 47వ నంబరు. ప్రతి సెషన్‌కీ ఎవరెవరు వచ్చారో ఒక ఒప్పందం కాగితం నింపాలి. జీతం దాని మీదే. అట్ట మీద పేర్లు వేసినా వేయకపోయినా ఆ కాగితాలు మిగిలాయి, ఫలానా పాటలో ఫలానా గిటారు ఎవరిదో తర్వాతి తరం వాళ్లు వాటిని చూసే తేల్చారు. మా దగ్గర తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక కాల్‌షీటు. వెళ్లేసరికి స్టాండు మీద నొటేషన్ ఉంటుంది, లేకపోతే "ఇక్కడ ఏదైనా వెయ్యి" అంటారు. వేస్తాం. టేక్ ఓకే. కవర్లో డబ్బులు. పాట పేరు కూడా తెలియదు. ఆర్నెల్లకి పెళ్లి పందిట్లో మైకులో ఆ బిట్టు వినబడితే "అరే, ఇది నేనే కదా" అనుకుంటాం.

ఒకసారి టీవీలో ఒక సంగీత దర్శకుడు తన పాట గురించి మాట్లాడుతూ, మొదట్లో వచ్చే గిటారు ముక్క తనకి తెల్లవారుజామున కలలో వచ్చిందని చెప్పాడు. అది కాల్‌షీటు ముగియడానికి పది నిమిషాల ముందు, ఆకలేస్తుంటే, నేను వేసిన ముక్క. మా ఆవిడ రిమోట్ తీసి చానల్ మార్చింది.

"మరి నువ్వు ఏం చేశావు?" అన్నాడు మేనల్లుడు.

"ఏం చేస్తాను, మర్నాడు ఆయనకే కాల్‌షీటు ఉంది."

సాయంత్రం సన్‌సెట్ మీదే తూర్పుగా వెళ్తూ పాత కేసీఈటీ టీవీ స్టూడియో ముందు ఆగాం. ఇప్పుడు వేరేవాళ్ల చేతిలో ఉంది. 1973 ఫిబ్రవరిలో ఇక్కడ ఒక తమాషా జరిగింది. బిల్ మన్రో అంతటివాడి బృందంతో పాటు, ఆయన పాఠం నేర్చుకున్న కుర్రాళ్లని ఒకే కార్యక్రమంలో చూపించాలనుకున్నారు. పీటర్ రోవన్, డేవిడ్ గ్రిస్మన్, రిచర్డ్ గ్రీన్, బిల్ కీత్, గిటారు మీద క్లారెన్స్. పెద్దాయన బస్సు దారిలో చెడిపోయింది. ఆయన రానే లేదు. కుర్రాళ్లే మొత్తం కార్యక్రమం వాయించేశారు. అప్పుడు కలిసిన చేతులతోనే మ్యూల్‌స్కిన్నర్ అనే ఆల్బము పుట్టింది. ఆ వీడియోలో క్లారెన్స్ మొహం చూడాలి. గడ్డం, పొడవాటి జుట్టు, రాయిలా కదలని మొహం. అంత వంకరటింకర తాళం వేళ్లలో నడుస్తుంటే కనుబొమ్మ కూడా ఎత్తడు.

మూడో రోజు, ఎల్ మోంటే, ఒక గిటార్ల కొట్టు

ఎల్ మోంటే గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. లాస్ ఏంజెలెస్‌కి తూర్పున అదో ఊరు. 1967, 68లలో ఇక్కడి నాష్‌విల్ వెస్ట్ అనే క్లబ్బులో క్లారెన్స్, జీన్ పార్సన్స్, గిబ్ గిల్‌బో, వేన్ మూర్ వాయించేవారు. బృందం పేరూ అదే. కంట్రీ పాటల్ని రాక్ తాళంలో వాయించడం అక్కడ బాగా సాన పట్టారు. ఇప్పుడు వీధి పొడవునా టాకో బళ్లు. రెండు తిన్నాం. మూడోది మేనల్లుడు తిన్నాడు.

అసలు పని గిటార్ల కొట్టులో. లాక్‌డౌన్లో వీడు కొని, రెండు నెలలు నేర్చుకుని బట్టల అరలో పడేసిన గిటారు ఒకటుంది. తీగలు తుప్పు పట్టాయి. కొత్త తీగలు వేయించాలి. కొట్టులో ఒక మూల గోడకి వేలాడుతూ కనిపించింది, స్ట్రింగ్‌బెండర్, అంటే తీగ స్వరాన్ని పైకి లాగే యంత్రం, బిగించిన టెలికాస్టర్. నా గుండె ఒక మాత్ర తప్పింది.

దాని కథ ఇది. 1967 ప్రాంతంలో ఒక రికార్డింగులో క్లారెన్స్‌కి ఒక వరస కావాల్సి వచ్చింది. రెండో తీగ మోగించి, మోగుతుండగానే, నట్‌కి, అంటే మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీకి, అవతల తీగని నొక్కి స్వరం పైకి లాగాలి. కాలి పెడళ్లతో తీగల స్వరం మార్చే పెడల్ స్టీల్ గిటారు ఏడ్చినట్టు ఏడవాలి. పైన మెట్ల మీద వేళ్లు పెట్టాలి, కుడి చేత్తో మీటాలి, తీగ లాగడానికి ఇంకో చెయ్యి కావాలి. పక్కన కూర్చున్న జీన్ పార్సన్స్‌ని, నేను చెప్పినప్పుడు నువ్వు లాగు అన్నాడు. పార్సన్స్ లాగాడు. అతను డ్రమ్మర్, పైగా లోహం పని తెలిసినవాడు. ప్రతిసారీ మూడో చెయ్యి అడిగితే ఎలాగని ఇంటికెళ్లి యంత్రం కట్టాడు. ఆ వాద్యం వాయించే స్నీకీ పీట్ క్లైనో దగ్గర దొరికిన పెడల్ స్టీల్ భాగాలు వాడాడు. 1970లో దానికి పేటెంటు వచ్చింది.

కొట్టువాడు అది నా మెళ్లో వేశాడు. బరువుగా ఉంది. పైకి మామూలు టెలికాస్టరే. ఎడమ భుజం వైపు పట్టా తగిలించే బొత్తం మాత్రం కదులుతుంది. గిటారు మెడని కిందికి తోస్తే పట్టా ఆ బొత్తాన్ని పైకి లాగుతుంది. లోపల ఒక కడ్డీ, స్ప్రింగు, రెండో తీగ చివర చుట్టుకున్న చిన్న చక్రం. తీగ బీ నుంచి సీ షార్ప్ దాకా ఎక్కుతుంది. మన లెక్కలో షడ్జం నుంచి చతుశ్రుతి రిషభం ఎంత దూరమో అంత. అక్కడ అడ్డుమర తగులుతుంది, ఇక పోదు. క్లారెన్స్ 1954 నాటి తన టెలికాస్టర్‌కి ఇది అమర్చినప్పుడు యంత్రం పట్టక వెనకాల ఇంకో చెక్క అతికించారు. అందుకే ఆ గిటారు మామూలుదాని కంటే లావు.

మొదటిసారి తోసినప్పుడు గిటారు మొత్తం జారిపోయింది. "భుజంతో కాదండీ, ఊరికే అరచేత్తో" అని కొట్టువాడు చేసి చూపించాడు. రెండోసారి స్వరం ఎక్కింది కానీ మోటుగా. వీణ మీద తీగ పక్కకి లాగి గమకం పలికించడం చిన్నప్పుడు మా మేనత్త దగ్గర చూశాను. అక్కడ ఎంత లాగాలో చెవి చెబుతుంది. ఇక్కడ ఎంత అన్నది యంత్రం చూసుకుంటుంది, ఎప్పుడు, ఎంత నెమ్మదిగా అన్నదే మనిషి చేతిలో ఉంది. అరగంట పోయాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, స్వరం జారుతూ వచ్చి పక్క తీగ మీద మోగుతున్న స్వరంతో అతుక్కుంది. కొట్టువాడు తల ఎత్తి చూశాడు. ధర అడిగి, నమస్కారం పెట్టి, తిరిగి గోడకి తగిలించాను.

పార్సన్స్, క్లారెన్స్ ఇద్దరూ 1968లో బర్డ్స్‌లో చేరారు. 1973 మొదట్లో ఆ బృందం చెదిరేదాకా క్లారెన్స్ అందులోనే ఉన్నాడు. అతని టెలికాస్టర్‌ని 1980లో భార్య నుంచి మార్టీ స్టూవర్ట్ అనే కంట్రీ గాయకుడు కొన్నాడు. ఇప్పటికీ వేదిక మీద దాన్నే వాయిస్తున్నాడు.

అతని అకూస్టిక్ గిటారుది ఇంకో కథ. 1935 నాటి మార్టిన్ కంపెనీ డీ-28. నాదరంధ్రం అంచులు ఎవరో తొలిచి పెద్దది చేశారు. మెడ మీద చుక్కలు లేని వేరే గిటారు పలక అతికించారు. చూస్తే కుంటిగుర్రమే. 1960లో తొమ్మిదేళ్ల టోనీ రైస్ అనే పిల్లాడు అడిగితే క్లారెన్స్ ఆ గిటారు వాడి చేతికిచ్చి వాయించనిచ్చాడు. తర్వాత డబ్బు అవసరమై క్లారెన్స్ దాన్ని ఒక మిత్రుడి దగ్గర పెట్టి అప్పు తెచ్చుకున్నాడు, మళ్లీ విడిపించలేదు. 1975లో టోనీ రైస్ వెతికి పట్టుకుని 550 డాలర్లకి కొన్నాడు. 2020 క్రిస్మస్ రోజున పోయేదాకా ఆ గిటారు ఆయనదే. బ్లూగ్రాస్ గిటారిస్టుల్లో ఆ తర్వాతి తరానికి ఆయన మాటే వేదం.

కొట్టువాడు ఊరికే వాయించి చూడమని కొత్త డీ-28 ఒకటి తీసిచ్చాడు. పక్కలూ వెనకా ఏ చెక్క అని అడిగాను. "ఈస్ట్ ఇండియన్ రోజ్‌వుడ్" అన్నాడు గర్వంగా. 1935లో బ్రెజిల్ చెక్క వాడేవారు. అది దొరకడం కష్టమయ్యాక 1969 ప్రాంతంలో మన దేశపు చెక్కకి మారారు. మేనల్లుడికి తెలుగులో చెప్పాను: "జిట్రేగిరా నాన్నా. మీ అమ్మమ్మ మంచం ఈ చెక్కదే." వాడు గిటారు వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు.

నాలుగో రోజు, బేకర్స్‌ఫీల్డ్

కొండ దాటి లోయలోకి దిగేసరికి కారులో మీటరు 108 డిగ్రీలు చూపించింది. రెంటచింతల గుర్తొచ్చింది. రోడ్డుకి అటూ ఇటూ బాదం, నారింజ తోటలు, వాటి మధ్య తల ఊపుతూ నూనె తోడే యంత్రాలు.

1930లలో దుమ్ము తుపాన్లకి పొలాలు పోయి ఓక్లహామా వైపు నుంచి వలస వచ్చిన కూలీల ఊరిది. వాళ్లు తెచ్చుకున్న పాటలు ఇక్కడి సారా కొట్ల రొదలో వినబడాలంటే టెలికాస్టర్ కావాల్సి వచ్చింది. బక్ ఓవెన్స్, డాన్ రిచ్ ఆ గిటారు కీచుని దేశమంతా వినిపించారు. గ్యారీ ప్యాక్స్‌టన్ అనే నిర్మాత ఇక్కడ చిన్న రికార్డుల కంపెనీ నడిపాడు. క్లారెన్స్, పార్సన్స్, గిల్‌బో దానికి ఆస్థాన వాద్యకారులు. పెద్ద హిట్లేమీ కావు, కానీ ఇంటద్దెలు కట్టాయి.

ఈ ఊళ్లో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. బాస్క్ జాతివాళ్లు గొర్రెలు మేపడానికి వచ్చి స్థిరపడిన ఊరు కూడా ఇదే, వాళ్ల భోజనం తినాలని మేనల్లుడు పట్టుబట్టాడు. పొడుగు బల్ల మీద అందరికీ కలిపి పెద్ద గిన్నెల్లో సూపు, చిక్కుళ్లు, పులుసులో ఊరిన నాలుక. మన బంతిభోజనంలాగే వరసగా వస్తూనే ఉన్నాయి. గంటన్నర పట్టింది. గిటారు కార్లో ఉంది. ఎండలో.

పెట్టె తెరిస్తే లోపలి గాలి ఇస్త్రీపెట్టెలా కొట్టింది. బ్రిడ్జి, అంటే తీగలు బిగించే చెక్క, దాని వెనక అంచు కింద సందు. రశీదు కాగితం దూర్చి చూశాను, దూరింది. జిగురు మెత్తబడి తీగల బిగువుకి లేచింది. ముప్పై ఏళ్లు కుర్రాళ్లకి "వాద్యాన్ని ఎండలో పెట్టకు" అని చెప్పినవాణ్ణి! తీగలన్నీ వదులు చేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "పోనీలే మావయ్యా, నేనెలాగూ వాయించను" అన్నాడు వాడు. అది ఓదార్పా?

అయిదో రోజు, టెహచాపి మీదుగా పామ్‌డేల్

అసలు జూలై 15కి పామ్‌డేల్లో ఉండాలనుకున్నాను. వీడికి సెలవు దొరక్క 19 అయింది.

బేకర్స్‌ఫీల్డ్ నుంచి తూర్పుగా కొండెక్కాం. టెహచాపి దగ్గర 1876లో వేసిన రైలు మెలిక ఉంది. కొండ ఎక్కలేక పట్టా ఒక చుట్టు తిరిగి తన మీదుగా తానే వెళ్తుంది. గూడ్సు బండి పొడుగైతే ముందు పెట్టెలు వెనక పెట్టెల నెత్తిన నడుస్తాయి. అరగంట ఆగాం. ఒకటి వచ్చింది, ఇంజను సొరంగం మీదుగా పోతుంటే దాని తోక ఇంకా సొరంగంలోనే ఉంది. క్లారెన్స్ సోలో ఇలాగే ఉంటుందని నోటిదాకా వచ్చింది. వాడు ఇప్పటికే చాలా భరించాడు కదా అని ఊరుకున్నాను.

లాంకాస్టర్ పక్కన పాడే రోడ్డు ఉంది. తారు మీద గాళ్లు కోసి, గంటకి 55 మైళ్ల వేగంతో వెళ్తే చక్రాలు రొస్సినీ ఓవర్చర్ ఒకటి పలికేలా చేశారు. పలికింది, అపశ్రుతిలో. గాళ్ల మధ్య దూరం లెక్క వేసేటప్పుడు గాడి వెడల్పు కలపడం మరిచారట. మేనల్లుడు సంబరంగా వెనక్కి తిప్పి మళ్లీ పోనిచ్చాడు. నాకు పళ్లు పులిశాయి.

ఎండిపోయిన నేల, చేతులెత్తి నిలబడ్డ జాషువా చెట్లు. క్లారెన్స్ సమాధి లాంకాస్టర్లోని జాషువా మెమోరియల్ పార్కులో ఉంది. గడ్డిలోకి పరిచిన రాళ్ల వరసలు. మాటలేం రాలేదు. వాడు నీళ్ల సీసా నాకిచ్చి కాస్త దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

1973 వేసవిలో అన్నదమ్ములు ముగ్గురూ మళ్లీ కలిశారు. యూరప్ వెళ్లి వాయించి వచ్చారు. క్లారెన్స్ సొంత ఆల్బము మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు వేరేవాళ్ల పాటలకి వాయించినవాడు, తన పేరు ముందు వేసుకుని. జూలై 14 రాత్రి పామ్‌డేల్లో ఒక క్లబ్బులో వాయించారు. కచేరీ అయింది. అర్ధరాత్రి దాటింది. రోలండ్, క్లారెన్స్ రోడ్డు పక్కన కారులోకి సామాను ఎక్కిస్తున్నారు. తాగి నడుపుతున్న మనిషి కారు వచ్చి గుద్దింది. రోలండ్ భుజం జారింది, బతికాడు. 2022 దాకా ఉండి మాండలిన్ వాయించాడు, ఎంతోమందికి నేర్పాడు. క్లారెన్స్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. అంత్యక్రియల్లో తోటి సంగీతకారులు గ్రామ్ పార్సన్స్ (జీన్‌కి చుట్టం కాదు), బర్నీ లెడన్ సమాధి దగ్గర పాడారు. రెండు నెలలకి గ్రామ్ కూడా జాషువా ట్రీ అనే ఊళ్లో ఒక లాడ్జి గదిలో పోయాడు. 2016లో బ్లూగ్రాస్ వాళ్లు తమ గౌరవ మందిరంలో క్లారెన్స్ పేరు చేర్చారు.

వాయిస్తూ పోయాడనుకుంటారు చాలామంది. సామాను సర్దుతూ పోయాడు. మా వృత్తిలో సగం పని అదే. కచేరీ రెండు గంటలు, యాంప్లిఫయర్లు మోయడం మూడు గంటలు. గుంటూరు జిల్లా తిరనాళ్లలో తెల్లారగట్ల మూడింటికి వ్యాను వెనక నిలబడి కేబుళ్లు చుట్టిన రాత్రులు నాకెన్నో ఉన్నాయి. లారీలు పక్కనించే పోయేవి. ఎప్పుడూ తిరిగి చూడలేదు.

పామ్‌డేల్ చేరేసరికి పొద్దు వాలింది. ఊరి అంచున హైవే కోసం కొండ నరికినచోట, శాన్ ఆండ్రియాస్ చీలిక నలిపిన రాతిపొరలు చీర కుచ్చెళ్లలా ముడుచుకుని కనబడతాయి. చల్లగాలి మొదలైంది. ఒక పిజ్జా కొట్టు ముందు కారు ఆపి, వేడి తగలకుండా ఇన్ని మైళ్లూ ఒళ్లో మోసుకొచ్చిన గిటారుని లోపలికి తీసుకెళ్లాం. బ్రిడ్జి సందు పెరగలేదు. నాలుగు తీగలు కాస్త బిగించి, అడుగు స్థాయిలో, క్యాసెట్లో విన్న ఆ మొదటి వరస మెల్లగా వాయించి చూశాను. ఎడుపు ఇప్పటికీ సరిగ్గా దొరకలేదు. పక్క బల్ల మీద పిల్లవాడు పిజ్జా ముక్క నోట్లో పెట్టుకుని అలాగే చూస్తున్నాడు.

బయటికొచ్చాం. చీకటి పడింది. మేనల్లుడు రోడ్డు వైపు తలుపు తీసి గిటారు పెట్టె లోపలికి తోయబోయాడు.

"ఇటు నుంచి పెట్టు" అన్నాను.

"పర్లేదు మావయ్యా, కార్లేవీ రావట్లేదు."

"చెబుతున్నానా, ఇటు రా."

వాడు తలుపు వేసి, చుట్టూ తిరిగి, పేవ్‌మెంటు వైపు నుంచి పెట్టాడు.